తుఫాను హెచ్చరికల తెలుగు: ఒక విమర్శ

కావ్యమును విమర్శించువారు మనలో కలరు. నాటకమును, చిత్రమును, సినిమాను విమర్శించువారును కలరు. కాని ప్రతి సంవత్సరము లక్షలమంది తెలుగువారు ఆతురతతో చదివి, విని, దానినిబట్టి ఇల్లు విడుచుటయో విడువకుండుటయో నిశ్చయించుకొను రచన యొకటి కలదు. దానిని విమర్శించువారు మాత్రము కానరారు. ఆ రచన పది పండ్రెండు వాక్యములకు మించదు. దాని క్రింద రచయిత పేరుండదు. అది తుఫాను హెచ్చరిక.

ఈ వ్యాసమున దానిని రచనగానే పరీక్షింతము. అందలి శాస్త్రమెట్టిది? అందలి తెలుగెట్టిది? ఈ రెంటి నడుమ జారిపోవుచున్నదేమి? దానిని పట్టుకొనవలసినవారెవరు? ఈ కడపటి ప్రశ్న ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ప్రత్యేకముగా చెందినది. ఏలయన, ఆ పనికి మనుష్యులు కావలసియున్నారు.

పొన్నూరునుండి చూచినచో

బాపట్లకును, తెనాలికిని, రేపల్లెకును నడుమనున్న పొన్నూరు సముద్రపు టొడ్డున లేదు. ఇచ్చట నిలుచున్నవానికి అలల చప్పుడు వినబడదు. అయినను ఈ ప్రాంతము తుఫానునకు దూరము కాదు. బాపట్ల దాటినచో సూర్యలంక తీరము. రేపల్లెవైపు వెళ్లినచో నిజాంపట్నము రేవు. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల క్రింద పండు వరి నవంబరు, డిసెంబరు మాసములలో కోతకు వచ్చును. బంగాళాఖాతమున బలమైన తుఫానులు లేచు కాలములలో ముఖ్యమైనదియు అక్టోబరు మొదలు డిసెంబరు వరకే. బాపట్ల పరిశోధనా కేంద్రమున రూపొంది 1986లో విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, దీర్ఘకాలిక రకము. విత్తినది మొదలు కోత వరకు దానికి సుమారు అయిదు నెలలు పట్టును. కనుక గింజ పండు వారమును, గాలివాన వచ్చు వారమును ఒక్కటగుట ఇచ్చట అరుదు కాదు.

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నము మిచాంగ్ అను తీవ్ర తుఫాను బాపట్లకు దక్షిణమున, దాని సమీపముననే తీరము దాటినది. అప్పటి గాలివేగము గంటకు 90–100 కిలోమీటర్లు. ఆ దినములలో కోయని వరి నేలకు ఒరిగినది. కోసి పరచిన పనలు నీట నానినవి. ఒక్క తుఫానే, ఆపదలు మూడు: నిజాంపట్నము జాలరికి సముద్రపు పోటు, తాటాకింటివానికి గాలి, పొన్నూరు రైతునకు వాన. ముగ్గురికిని చేరు హెచ్చరిక మాత్రము తరచుగా ఒక్కటియే. మన విమర్శకు మొదలు ఇదియే.

శాస్త్రము సాధించిన విజయము

దోషములు చెప్పుటకు ముందు గుణములు చెప్పుట న్యాయము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. అప్పుడు హెచ్చరిక యనునదే లేదు. 1977 నవంబరు 19వ తేదీన చీరాల, నిజాంపట్నముల నడుమ తీరము దాటిన తుఫాను దివిసీమపైకి అయిదారు మీటర్ల ఎత్తున సముద్రమును త్రోసినది. సుమారు పదివేలమంది గతించిరి. తుఫాను వచ్చుచున్నదని అప్పటి వాతావరణ శాస్త్రజ్ఞులకు తెలియును. హెచ్చరికలును వెలువడినవి. కాని ఆ వార్త పల్లెపల్లెకు చేరు సాధనములును, జనులను తరలించు యంత్రాంగమును, తలదాచుకొను కట్టడములును చాలలేదు.

1990 మే 9వ తేదీన దాదాపు అంత బలముగల తుఫానే మచిలీపట్నమునకు దక్షిణమున తీరము దాటినది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనులను ముందుగా తరలించిరి. మరణములు వేయికి లోపుగనే నిలిచినవి. ఈ పదమూడు సంవత్సరములలో మారినదేమి? తుఫాను మారలేదు. ఇన్సాట్ ఉపగ్రహము ఆకాశమునుండి మేఘములను చూపినది. అదే ఉపగ్రహము ద్వారా తీరప్రాంతపు కార్యాలయములలోని రిసీవర్లకు నేరుగా తెలుగులో హెచ్చరిక వినిపించు ఏర్పాటు 1980ల నడుమ అమలులోనికి వచ్చినది. ఆశ్రయభవనములు లేచినవి. జనులను తరలించు అధికారము ఎవరిది, బండ్లు ఎవరు తేవలెను అనునవి ముందుగానే నిర్ణయమైనవి. శాస్త్రము, వార్తాప్రసారము, ప్రభుత్వ విధానము అను మూడును ఒక త్రాటిపై నడచినప్పుడే ప్రాణములు దక్కినవి. మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను తక్కిన రెండును వ్యర్థములు. 1977 మనకు నేర్పిన పాఠమిది.

నేడు తుఫాను గమనమును మూడు నాలుగు దినముల ముందే చెప్పగలుగుచున్నారు. వాతావరణశాఖ ముందుగా గమనిక, పిమ్మట అప్రమత్తత, ఆపై హెచ్చరిక, చివరకు తీరము దాటిన పిమ్మటి స్థితినిగూర్చిన అంచనా అని దశలుగా ప్రకటనలు వెలువరించుచున్నది. శాస్త్రము ఇంతవరకు ముందుకు వచ్చినది. మరి తెలుగు?

అతి, అత్యంత, అవకాశము

గాలివేగమునుబట్టి తుఫానులను వర్గీకరించుటలో నిర్దిష్టమైన కొలత కలదు. గంటకు 62 మొదలు 88 కిలోమీటర్లయినచో తుఫాను. 89 మొదలు 117 అయినచో తీవ్ర తుఫాను. 118 మొదలు 166 అయినచో అతి తీవ్ర తుఫాను. 167 మొదలు 221 అయినచో అత్యంత తీవ్ర తుఫాను. అంతకు మించినచో పెను తుఫాను. శాస్త్రజ్ఞునికి ఈ అంచెల నడుమ భేదము స్పష్టము. గాలి కలిగించు ఒత్తిడి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును. కాబట్టి గంటకు 100 కిలోమీటర్ల గాలికి నిలిచిన ఇల్లు 200 కిలోమీటర్ల గాలికి నిలుచునని చెప్పరాదు.

కాని వినువాని చెవికి ‘అతి’ యనునదియు ‘అత్యంత’ యనునదియు ఒక్కటే. ఏది పెద్దదో చెప్పుమన్నచో తెలుగు ఉపాధ్యాయుడును ఒక క్షణము తడుముకొనును. వానలకును ఇదే పద్ధతి. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు దాటినచో భారీ, 115.5 దాటినచో అతి భారీ, 204.4 దాటినచో అత్యంత భారీ. 204 మిల్లీమీటర్లనగా ఎకరము పొలముమీద ఎనిమిది లక్షల లీటర్లకు పైబడిన నీరు. మురుగుకాలువ పూడియున్న చేనికి అది ఎన్ని దినముల మునుకయో రైతునకు వెంటనే అర్థమగును. ‘అత్యంత భారీ’ అన్నచో అర్థము కాదు.

మరియొక మాట ‘అవకాశము’. వాతావరణశాఖ ఆంగ్ల ప్రకటనలలో సంభావ్యతను సూచించు మాటలకు అంకెలు కలవు. నూటికి 25 లోపైనచో ఒక మాట, 25 మొదలు 50 వరకు ఒక మాట, 50 మొదలు 75 వరకు ఇంకొకటి, 75 దాటినచో వేరొకటి. ఇవి తెలుగులోనికి వచ్చునప్పటికి తరచుగా అన్నియు ‘అవకాశమున్నది’ అను ఒక్క గోతిలో పడుచున్నవి. నూటికి ముప్పది పాళ్లు వచ్చు వానకును, నూటికి తొంబది పాళ్లు వచ్చు వానకును ఒక్కటే మాటయైనచో, కోతకు కూలీలను పిలువవలెనా మానవలెనా అని తేల్చుకొనువానికి ఆ వార్త ఏమి సాయపడును? వాన రాని దినమున అతడు హెచ్చరిక అబద్ధమనుకొనును. శాస్త్రము అబద్ధమాడలేదు, అనువాదము దాని నోరు కట్టినది.

‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘చాలా చోట్ల’ అనునవియు అట్టివే. ఒక ప్రాంతమందలి వర్షమాపక కేంద్రములలో నూటికి ఎన్నింట వాన పడునో తెలుపు కొలతలకు ఇవి మారుపేర్లు. ఆ సంగతి చదువరికి ఎవరును చెప్పలేదు. కావున ‘ఒకటి రెండు చోట్ల’ అనగా మన ఊరు కాదని ప్రతి ఊరివారును తలపోయుదురు.

మంచి మాటలును కలవని ఒప్పుకొనవలెను. ‘వాయుగుండము’ అట్టిది. కృష్ణలో సుడిగుండము చూచిన పిల్లవానికి గాలి గుండ్రముగా తిరుగునని ఆ మాటయే చెప్పును. ‘ఉప్పెన’ ఇంకను గొప్పది. ఆ మూడు అక్షరములలో తరతరముల జ్ఞాపకము కలదు. అయినను కొన్ని ప్రకటనలలో ఆ మాటను విడిచి, ‘ఖగోళసంబంధమైన ఆటుపోట్లకంటె ఇన్ని మీటర్ల ఎత్తున’ అను వాక్యము కనబడుచున్నది. శాస్త్రరీత్యా అది తప్పు కాదు. చంద్రసూర్యుల ఆకర్షణవలన వచ్చు పోటుమీద తుఫాను త్రోసిన నీరు అదనముగా చేరునని దాని భావము. కాని ఉప్పెన యనుటకు వీలున్నచోట ఖగోళమును పిలుచుట ఏల?

తొమ్మిదవ నంబరు పెద్దదా?

ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రశ్న వేసి చూడవచ్చును: ‘రేవులో ఎనిమిదవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారు, తరువాత దానిని తీసి తొమ్మిదవది ఎగురవేసినారు. తుఫాను బలపడినదా?’ తరగతి యంతయు బలపడినదనియే చెప్పును. పత్రికలు చదువు పెద్దలును అట్లే చెప్పుదురు. అది పొరపాటు.

రేవు సూచికలు మొత్తము పదునొకండు. ఒకటి, రెండు సముద్రములో దూరమునగల అల్ల కల్లోలమును తెలుపును. మూడు, నాలుగు రేవునకే గాలి తాకిడి కలదని తెలుపును. అయిదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాద సూచికలు. ఈ రెండు గుంపులలోను మూడేసి నంబరులుండుటకు కారణము దిక్కు. తుఫాను పోవు త్రోవకు రేవు ఎడమ ప్రక్క పడునెడల అయిదు లేక ఎనిమిది. కుడి ప్రక్క పడునెడల ఆరు లేక తొమ్మిది. సరిగా రేవుమీదుగానో, మిక్కిలి దాపుననో పోవునెడల ఏడు లేక పది. పదునొకండవది అన్నిటికంటె పెద్ద తుఫానునకు గుర్తు కాదు. వాతావరణ కార్యాలయముతో వార్తాసంబంధము తెగిపోయినదని, వాతావరణము చెడునని రేవు అధికారి తలంచుచున్నాడని దాని అర్థము.

ఎడమ, కుడి అను భేదము చిన్నది కాదు. మన అర్ధగోళమున తుఫానుగాలి గడియారపుముల్లునకు ఎదురుదిశలో తిరుగును. తూర్పుతీరమునకు పడమరగా వచ్చు తుఫానునకు కుడిప్రక్క, అనగా ఉత్తరపు ప్రక్క, గాలి సముద్రమునుండి నేలకు వీచును. నీటిని నేలపైకి త్రోయును. ఎడమప్రక్క గాలి నేలనుండి సముద్రమునకు వీచును. 1977లో తుఫాను చీరాల, నిజాంపట్నముల నడుమ తీరము దాటగా, ఉప్పెన దివిసీమను ముంచుటకు ముఖ్యకారణమిదియే. దివిసీమ తుఫానునకు కుడిప్రక్కనున్నది. ఆ ప్రాంతపు సముద్రము లోతు తక్కువది. తీరము వంపు తిరిగినది. నీరు తప్పించుకొనుటకు వేరు దారి లేకపోయినది.

కనుక రేవు సూచికలో గాలి సంగతితోపాటు ఉప్పెన సంగతియు ఇమిడియున్నది. ఓడ నడుపువానికి అది తెలియును. అతని కొరకే ఆ భాష పుట్టినది. మనము దానిని ఓడవానినుండి ఎరువు తెచ్చి, అర్థమును రేవులోనే విడిచి, అంకెను మాత్రము పత్రిక మొదటి పుటపై ముద్రించుచున్నాము. ‘పదవ నంబరు ప్రమాద హెచ్చరిక’ అను శీర్షిక భయము కలిగించును. ఎవరు, ఎటు, ఎప్పుడు వెళ్లవలెనో చెప్పదు.

పిడింగ్టన్ కథ

శాస్త్రమును జనుల భాషలో చెప్పు పని చిన్నదని తలంచువారికి ఒక కథ చెప్పవలసియున్నది. ‘సైక్లోన్’ అను మాటను పుట్టించినది కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. ఆయన మునుపు ఓడ నడపినవాడు. పిమ్మట నౌకాప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడు. చుట్టచుట్టుకొన్న పామును తలపించు గ్రీకు మాటనుండి ఆ పేరు తీసి, 1848లో నావికుల కొరకు వ్రాసిన గ్రంథమున వాడినాడు. 1789లో గోదావరి ముఖమునగల మన కోరంగిని ముంచిన ఉప్పెననుగూర్చియు ఆయన పరిశోధించినాడు. పండితులకొరకు గాక ఓడవారికొరకు వ్రాయుటచేతనే ఆ మాట లోకమంతటికిని చేరినది.

ఆయన అంతటితో ఆగలేదు. కలకత్తాకు సమీపమున మాత్లా నదిపై కొత్త రేవు కట్టదలచినప్పుడు, అచ్చట ఉప్పెన ముంచునని 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి బహిరంగలేఖ వ్రాసినాడు. దానిని లెక్కచేయలేదు. కానింగ్ రేవు కట్టినారు. 1867లో తుఫాను వచ్చి దానిని పాడుచేసినది. అప్పటికి పిడింగ్టన్ జీవించి లేడు. శాస్త్రము తెలిసియుండుట, చక్కగా వ్రాయగలుగుట అను రెండును ఆయనకు కలవు. వినవలసిన ప్రభుత్వమున ఆ మాటను చట్టముగా, నిర్మాణముగా మార్చువారు లేకపోయిరి.

ఒక మంచి వాక్యము

మంచి హెచ్చరిక ఎట్లుండునో ఈ ప్రాంతముననే దృష్టాంతము కలదు. కోసిన వరిపనలు వానకు తడిసినచో గింజ మొలకెత్తును. అప్పుడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు సలహా ఒకటి: లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి, ఆ ద్రావణమును పనలమీద పడునట్లు పిచికారి చేయవలెను. ఉప్పునీరు గింజలోనికి నీరు చేరుటను అడ్డును, మొలక ఆగును. ఈ వాక్యమున ‘అతి’ లేదు, ‘అత్యంత’ లేదు, ‘అవకాశము’ లేదు. ఏమి, ఎంత, ఎప్పుడు అనునవి కలవు. ఉప్పు ప్రతి ఇంటను దొరకును. ఈ వాక్యము వెనుక ప్రయోగశాల కలదు; కాని ప్రయోగశాల వాసన లేదు.

తుఫాను ప్రకటనను ఇట్లు వ్రాయరాదా? ‘రేపు సాయంకాలము మొదలు ఎల్లుండి ఉదయమువరకు ఈ మండలములలో వాన ఆగక కురియును, పదిమందిలో ఎనిమిదిమంది పొలములలో మోకాలిలోతు నీరు నిలువవచ్చును. కోయని వరిని కోయకుడు. కోసిన పనలను ఈ రాత్రికే గట్టుమీద కుప్పవేయుడు. మురుగుకాలువకు గండి తీయుడు.’ ఇది నమూనా మాత్రమే. లోతును, పాలును ఆయా సమయమున శాస్త్రజ్ఞుడే చెప్పవలెను. వాతావరణశాఖయు ఇటీవలి కాలమున గాలివేగముతోపాటు కలుగబోవు నష్టమును, చేయవలసిన పనిని చేర్చి చెప్పు పద్ధతి చేపట్టినది. అది సరియైన త్రోవ. ఆ త్రోవ మండలమువరకు, గ్రామమువరకు, తెలుగువరకు సాగవలసియున్నది.

దీనికి ఆక్షేపణ కలదు. నిర్ణీతమైన పారిభాషిక పదములను మార్చినచో గందరగోళము కలుగును. రేవులు, విమానములు, అధికారులు ఒక్కటే భాషలో మాట్లాడవలెను అందురు. ఇది సమంజసమైన మాట. పారిభాషిక పదమును తీసివేయుమని మనము కోరుటలేదు. దాని ప్రక్కన రెండవ వాక్యము కావలెనని కోరుచున్నాము. మొదటి వాక్యము అధికారికి, రెండవది ఇంటికి. సందేహమును దాచి నిశ్చయముగా చెప్పుటయు మేలు కాదు. తుఫాను త్రోవ మారవచ్చునన్న సంగతిని జనులు అర్థముచేసికొనగలరు. కాలువనీరు వచ్చునో రాదో, ధర నిలుచునో నిలువదో అని ప్రతియేటను లెక్కలు వేయు రైతునకు సంభావ్యత కొత్త కాదు.

ఈ పని ఎవరిది?

ఆ రెండవ వాక్యము వ్రాయుటకు వాతావరణశాస్త్రము తెలియవలెను, పొలము తెలియవలెను, ప్రభుత్వ కార్యాలయము ఎట్లు పనిచేయునో తెలియవలెను, అన్నిటికి మించి తెలుగు తెలియవలెను. ఈ నాలుగును ఒక్కనియందు కూడుట నేడు యాదృచ్ఛికము. దానిని వృత్తిగా చేయవలెను.

అందుకు బాటలు లేకపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వాతావరణ, సముద్రశాస్త్రముల శాఖ కలదు. బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల కలదు. గుంటూరు దాపున నాగార్జున విశ్వవిద్యాలయమున పర్యావరణశాస్త్రము బోధింపబడుచున్నది. హైదరాబాదులో 1999లో నెలకొన్న సముద్ర సమాచార కేంద్రము చేపలు దొరకు తావులను, అలల స్థితిని జాలరులకు తెలుపుచున్నది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, 1948నుండి పలుకుచున్న విజయవాడ ఆకాశవాణి, పత్రికలు — ఇవన్నియు ఇట్టివారికి పని చూపవలసిన తావులు. తుఫానుతోనే ఈ పని ముగియదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి, పెద్ద కర్మాగారములు మున్నగువానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగునప్పుడు నివేదిక సంగ్రహమును ప్రాంతీయ భాషలోను ఈయవలెను. ఆ సంగ్రహములు చదివి అర్థము చేసికొనుట ఎంత కష్టమో చదివినవారికి తెలియును. ఊరి నీటిగూర్చి, గాలిగూర్చి నిర్ణయము జరుగునప్పుడు ఊరివారికి అర్థముకాని తెలుగు వ్రాయుట వారి హక్కును హరించుటయే.

పొన్నూరు ప్రక్కనే నిడుబ్రోలు కలదు. 1930ల నాడు ఎన్. జి. రంగా అచ్చట రైతుబిడ్డలకొరకు విద్యాలయము నడిపి, ఆర్థికశాస్త్రమును, రాజకీయములను వారికి బోధింపజేసినారు. పన్నుల లెక్కలు పల్లెవానికి అర్థము కావన్న మాటను ఆ విద్యాలయము అంగీకరింపలేదు. గాలి లెక్కలు అర్థము కావన్న మాటను మనమేల అంగీకరింపవలెను?

పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పనిసరి చేయవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. పాఠ్యగ్రంథములలో తుఫాను కన్ను ఎట్లుండునో బొమ్మ కలదు. హెచ్చరికను ఎట్లు చదువవలెనో పాఠము లేదు. ఈ లోటు మనదే; మన విజ్ఞాన పత్రికలదియు. ఉపాధ్యాయులు వచ్చు తుఫాను కాలమున ఒక ప్రకటనను నల్లబల్లమీద వ్రాయించి, దానిని తమ వీథిలోని ముసలమ్మకు, జాలరికి, కౌలురైతునకు వేర్వేరుగా తిరిగి వ్రాయుమని విద్యార్థులను అడుగవలెను. ఆ వ్రాతలను ఆ మువ్వురికిని చదివి వినిపింపజేయవలెను. ఏ విద్యార్థి వాక్యము విని ముసలమ్మ లేచి మూట సర్దుకొనునో, ఆ విద్యార్థికి ఈ వృత్తి తగును.